నిజమైన రాక్ స్టార్ ఎవరు?

ఈ దినములలో రాక్ స్టార్ అను బిరుదు మన యిండ్లలో మిక్కిలి చౌకగా దొరకుచున్నది. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు రాక్ స్టార్. కార్యాలయమున పని వేళకు ముగించిన యుద్యోగి రాక్ స్టార్. మొన్న మా వీధిలో ఒక యిల్లాలు ఇరువదిమందికి ఒంటిచేతిమీద వండి వడ్డింపగా, ఆమె కుమారుడు తల్లికి గూడ ఆ బిరుదమునే ప్రసాదించెను. అంట్లు మాత్రము ఆ తల్లియే తోముకొన్నది.

ఈ మాటను గూర్చి నేనెన్నడును శ్రద్ధగా ఆలోచించినదానను కాను. అది మా యింట కలహరూపమున ప్రవేశించినప్పుడు ఆలోచింపక తప్పినది కాదు. నా మనుమరాలికి పదునేడేండ్లు. పదేండ్లనుండి నాయొద్ద వీణ నేర్చుకొనుచున్నది. ఈ వేసవిలో అది ఒకనాడు వీణను గవిసెన తొడిగి మూలనుంచి, తనకు విద్యుత్ గిటారు కావలెననియు, తాను మఱి ముగ్గురు స్నేహితురాండ్రతో కలిసి రాక్ సంగీతము వాయింపదలచితిననియు చెప్పినది. నా కుమార్తె మండిపడినది. "అమ్మా, అది నీ మాట వింటుంది. నువ్వైనా చెప్పు. జుట్టు విరబోసుకుని అరవడం కూడా సంగీతమేనా?" అని భారమంతయు నా మీద వైచినది.

నిజము చెప్పవలెనన్న, నా యభిప్రాయమును అప్పటి కదియే. మనుమరాలిని పిలిచితిని. అది నాతో వాదింపలేదు. "అమ్మమ్మా, నువ్వు వద్దంటే మానేస్తాను. కాని ఆ మాట అనే ముందు ఒక్కసారి ఈమెను చూడు" అని తన ఫోను నా చేతికిచ్చినది.

అది 1964వ సంవత్సరము మే నెలలో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున తీసిన టెలివిజను దృశ్యము. రైళ్ళు నిలుచుట మానివేసిన విల్‌బ్రహం రోడ్ స్టేషనులో ఒక ప్లాటుఫారముపై గాయకులు, పట్టాలకు ఆవలనున్న ప్లాటుఫారముపై శ్రోతలు. వాన కురియుచున్నది. ఒక గుఱ్ఱపుబండి వచ్చి నిలిచినది. అందుండి నలువది తొమ్మిదేండ్ల నల్లజాతి స్త్రీ యొకతె దిగినది. పొడుగుకోటు తొడిగికొని, మన యిండ్లలో పేరంటమునకు వచ్చిన పెద్దముత్తైదువవలె నిండుగా నున్నది. ఆమె తెల్లని విద్యుత్ గిటారు మెడను దగిలించుకొని, కురియుచున్న వానకు తగిన భక్తిగీతము నెత్తుకొన్నది. తడిసిన నేల, ఎముకలు కొరికెడి చలి, ఎదుట పరదేశపు కుఱ్ఱకారు. ఆమెకు వీనిలో నేదియు అడ్డము కాలేదు. నడుమ పాట నాపి గిటారు తీగలపై వేళ్ళు పరుగెత్తించినప్పుడు నా వీపు గగుర్పొడిచినది. ఆమె పేరు సిస్టర్ రోజెటా థార్ప్.

నేను ఫోనును మనుమరాలి కిచ్చివేసి చాలసేపు మాటాడలేదు. నాకు నా సంగతి జ్ఞప్తికి వచ్చినది.

నా యిరువది రెండవయేట మా యూరి దేవాలయమున శరన్నవరాత్రులలో వీణ కచేరి చేయుటకు నాకవకాశము కలిగెను. ఆఱు మాసములు సాధన చేసితిని. ఆ రాత్రి ఒక్క గమకము చెడలేదు, ఒక్క యావర్తము జాఱలేదు. పెద్దలందఱు "ఒక్క తప్పు లేదమ్మా" అని మెచ్చుకొనిరి. మా గురువుగారు మాత్రము ఏమియు ననలేదు. ఇంటికి పోవునప్పుడు త్రోవలో మెల్లగా, "తప్పు దొర్లకుండా కాపాడుకున్నావు తల్లీ. అందులో నిన్ను కూడా దాచేసుకున్నావు" అనిరి. ఆ పిదప నేను మఱల వేదిక యెక్కలేదు. నన్నెవరును వలదనలేదు. అత్తవారింట నా వీణకు గౌరవమే జరిగెను. నేనే వెనుదీసితిని. అత్తగారు వలదనిరని చెప్పుకొనుటకైన నాకు వీలు లేదు.

వానలో నిలిచి పాడుచున్న ఆ స్త్రీ యొద్ద నేను చూచినది, నాయొద్ద లేనిది అదియే. ఆమె తన్ను తాను దాచుకొనలేదు.

అంతట నాకు ఈ రాక్ అను మాటపై కుతూహలము పుట్టినది. రాక్ అనగా రాయి గనుక, రాతివలె కఠినమైన సంగీతమున కా పేరు వచ్చినదని నేనింతకాల మనుకొనుచుంటిని. ఇచ్చట దాని యర్థము ఊగుట, ఊపుట యని మనుమరాలు చెప్పినది. తల్లి బిడ్డను ఊయలలో నూపుటకును ఇంగ్లీషువారు ఆ మాటయే వాడుదురు. అమెరికాలోని నల్లజాతివారి ప్రార్థనామందిరములలో భక్తిపారవశ్యమున చప్పట్లు చఱచుచు ఊగుటకును అదియే పేరు. రోజెటా 1938 అక్టోబరు 31వ తేదీన డెక్కా కంపెనీవారికి పాడిన మొదటి పాటలలో 'రాక్ మీ' అనున దొకటి. థామస్ డోర్సీ యనునాయన రచించిన భక్తిగీతము దానికి మూలము. పసిబిడ్డ నూపినట్లు తన్ను ఊపుమని దేవుని వేడుకొనుట దాని భావము. మన యిండ్లలో దేవుని ఉయ్యాలలో నుంచి మనము పాడుదుము. అచ్చట భక్తురాలు తానే ఉయ్యాలలో కూర్చుండి దేవుని ఊపుమనుచున్నది. ఇంతకన్న నింటికి దగ్గఱి మాట యేమున్నది?

రోజెటా 1915లో ఆర్కన్సా రాష్ట్రమున కాటన్ ప్లాంట్ అను చిన్న యూరిలో పుట్టినది. ఆమె తల్లి మాండొలిను వాయించుచు ఊరూర తిరిగి మతబోధ చేసెడిది. కూతురు ఆఱేండ్ల ప్రాయముననే తల్లి ప్రక్కన నిలిచి గిటారు వాయించి పాడుచుండెను. కనుక 1938లో న్యూయార్కులోని కార్నెగీ హాలున ఆమెను చూచి ఆశ్చర్యపడినవారికి, ఆ వేళ్ళ వెనుకనున్న పదునేడేండ్ల నిత్యసాధన కనబడియుండదు. రాక్ సంగీతము సాధన లేనివారికి దొరకెడి యడ్డదారి యని నా కుమార్తె తలచినది, నేనును తలచితిని. ఆ తలపు తప్పని నాకు మొదట నేర్పిన దీమెయే.

ఆమె చేసిన సాహస మింకొకటి గలదు. దేవుని పాటను దేవుని మందిరములో మాత్రమే పాడవలెనను వారి నడుమ పుట్టి, ఆమె ఆ పాటను మద్యము త్రాగుచు కూర్చుండెడివారి వినోదశాలలకు గొనిపోయెను. మందిరమువారు నిందించిరి. ఆ కాలమున నల్లజాతివారికి మంచి హోటళ్ళలో గది యీయరు, భోజనశాలలో లోపల కూర్చుండనీయరు. అట్టి త్రోవలలో ఆమె బస్సులోనే పడుకొని ఊరూర తిరిగినది. 1944లో పాడిన 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే' అను పాట 1945లో నల్లజాతి శ్రోతలకై ప్రకటించెడి పట్టికలో రెండవ స్థానము నందుకొన్నది. రాక్ సంగీతపు తొలి రికార్డు అదియే యని చెప్పువారు కలరు. 1951 జూలై 3వ తేదీన వాషింగ్టను నగరపు క్రీడామైదానములో ఆమె వివాహము జరిగెను. వేలకొలది జనులు టిక్కెట్లు కొని యా పెండ్లికి వచ్చిరి. పెండ్లి ముగియగనే పెండ్లికూతురు ఆ దుస్తులతోనే గిటారు తగిలించుకొని కచేరి చేసినది. మన పెండ్లికూతురు తల యెత్తినందులకే గుసగుసలు పుట్టిన దినములు నే నెఱుగుదును గనుక, ఈ వృత్తాంతము చదివి ఒక్కతెనే కూర్చుండి నవ్వుకొంటిని.

"అది సరే, ఈ రాక్ వాళ్ళ వ్యసనాల మాటేమిటి?" అని నా కుమార్తె యడిగినది. తల్లి యడుగదగిన ప్రశ్నయే. గిటార్లను విరుగగొట్టుట, మత్తుపదార్థములు, అకాలమరణములు, ఇవన్నియు కట్టుకథలు కావు. 1970లో జిమి హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, 1971లో జిమ్ మారిసన్ ఇరువదియేడవ యేటనే గతించిరి. అయితే వారి కీర్తి ఆ వ్యసనములవలన వచ్చినది కాదు. వ్యసనములు ఆ కీర్తిని తినివేసినవి. గిటారు విరుగగొట్టుట యను నాచారమున కొక వింతకథ గలదు. 1964లో 'ది హూ' అను బృందపు గిటారు విద్వాంసుడు పీట్ టౌన్‌షెండ్ లండను శివారునందలి యొక చిన్నశాలలో వాయించుచుండగా, గిటారు పొరపాటున తక్కువ యెత్తు గల పైకప్పునకు తగిలి విరిగినది. చూచువారు నవ్విరి. అతడు ఆ నవ్వును సహింపలేక, అది కావలెననియే చేసినట్లు నటించి, దానిని తునాతునుకలు చేసెను. తరువాత జనులు అదే చూడవచ్చిరి. సిగ్గును కప్పిపుచ్చుటకై చేసిన పని యొకటి వందలమందికి సంప్రదాయమైనది! అనుకరించువాడు విరిగిన గిటారును చూచును గాని, విరుగక మునుపు వాయించిన పాటను చూడడు. నేటి పిల్లలకు మనము చెప్పదగిన మాట యిదియే.

వేదికపై విజృంభించువారందఱు పుట్టుకతోనే సిగ్గు లేనివారని మన మనుకొందుము. ఫ్రెడ్డీ మెర్క్యురీ యనునతడు దీనికి జవాబు. అతని యసలు పేరు ఫరూఖ్ బుల్సారా. 1946లో జాంజిబారులో పార్సీ దంపతులకు పుట్టి, చిన్ననాడు మన దేశమునందలి పంచగనిలో వసతిగృహమున నుండి చదువుకొని, అచ్చటనే పియానో నేర్చుకొనెను. వేదిక దిగినంతనే అతడు మిక్కిలి బిడియస్థుడని అతని నెఱిగినవారందఱు చెప్పుదురు. అట్టివాడు 1985 జూలై 13వ తేదీన, ఇథియోపియా క్షామపీడితుల కొఱకు లండనులోని వెంబ్లీ మైదానమున జరిగిన కచేరిలో, డెబ్బదిరెండువేలమంది యెదుట నిలిచెను. అతని 'క్వీన్' బృందమున కిచ్చిన వ్యవధి సుమారు ఇరువది నిమిషములు. నడుమ నతడు వాద్యములను ఆపి, తానొక స్వరసమూహము పలికి, జనులచే దానిని మఱల పలికించెను. పిదప మఱియొకటి, ఇంకను క్లిష్టమైనది. గురువు సరళీవరుసలు చెప్పినట్లే యున్నది. తేడా యేమనగా, ఇచ్చట శిష్యులు డెబ్బదిరెండువేలమంది, ఒక్కరును బిడియపడలేదు. నేనా దృశ్యమును చూచి గ్రహించిన దేమనగా, నిజమైన రాక్ స్టార్ "నన్ను చూడుడు" అని నిలువడు. "మీలోనిది పైకి తీయుడు" అని నిలుచును. తన బిడియమును గెలిచినవాడే ఇతరుల బిడియమును పోగొట్టగలడు.

టీనా టర్నర్ కథ స్త్రీలమైన మనము ప్రత్యేకముగా నెఱుగదగినది. 1939లో టెన్నెసీ రాష్ట్రమున పుట్టిన ఆమె మొదటి పేరు అన్నా మే బుల్లక్. భర్తయే ఆమెకు టీనా యను వేదికపేరు పెట్టెను. భర్తయే ఏండ్లతరబడి కొట్టెను. 1976 జూలైలో డాలస్ నగరమున ఒక రాత్రి, అతడు నిద్రించుచుండగా, ముప్పదియాఱు సెంట్లు చేతనుంచుకొని, దెబ్బలు తిన్న ముఖముతో, పెద్దరహదారి దాటి పరుగెత్తి ఎదుటి వసతిగృహములో తలదాచుకొన్నది. 1978లో విడాకులు పూర్తియైనప్పుడు ఆస్తి నేమియు కోరక, ఒక్క పేరును మాత్రము తనకుంచుమని యడిగినది. ఆ పేరు భర్త పెట్టినదే. అయినను దానికి విలువ తెచ్చినది తన కంఠము, తన చెమట. అది తనదేయని ఆమె యెఱుగును. నలువది దాటిన స్త్రీకి ఇంక పాట యెక్కడిదని వ్యాపారులు పెదవి విఱిచిరి. 1984లో 'ప్రైవేట్ డాన్సర్' అను ఆల్బము వెలువడినది. అందలి యొక పాట ఆ యేడు అమెరికాలో మొదటి స్థానమున నిలుచునాటికి ఆమెకు నలువదినాలుగేండ్లు. 1988లో రియో నగరమున లక్షయెనుబదివేలమంది ఆమె పాట వినవచ్చిరి. ఆమె 2023 మే 24వ తేదీన కన్నుమూసినది. ఆమెను గూర్చి చదువునప్పుడు, ఇంటిలో నన్నియు వదలుకొని తనదైన యొక్కటి మాత్రము పట్టుకొని బయటపడిన స్త్రీలు నాకు ఒక్కొక్కరే జ్ఞప్తికి వచ్చిరి. వారిలో పాడినవారు లేరు.

నేటి సంగీతమున తప్పు అనునది దాదాపు లేకుండ బోయినది. 1997లో ఆటోట్యూన్ అను కంప్యూటరు సాధనము వచ్చినది. పాడినవారి స్వరము కొంచెము దిగినను ఎక్కినను అది సరిదిద్ది సరియైన స్థానమున కూర్చుండబెట్టును. నాకు నాడు దొరకిన "ఒక్క తప్పు లేదు" అను ప్రశంస నేడు యంత్రమున కీయదగినది. నేనారు మాసములు కష్టపడి సాధించిన దానిని ఆ యంత్రము క్షణములో సాధించునని తెలిసినప్పుడు మొదట మనసు చివుక్కుమన్నది. పిదప గురువుగారి మాట మఱింత బాగుగా నర్థమైనది. తప్పును యంత్రము తీసివేయగలదు. దాచుకొన్న మనిషిని అది బయటికి తీయలేదు. ఆ పని మనిషియే చేసికొనవలెను.

ఇంకొక లక్షణము గూడ నాకు తోచుచున్నది. నిజమైన నక్షత్రము తాను ఎవరి వెలుగు చూచి నడచెనో మఱవదు; తన వెనుకవచ్చువారికి దారి చూపుట మానదు. 1947లో జార్జియా రాష్ట్రపు మేకన్ పట్టణమున రోజెటా కచేరికి వచ్చినప్పుడు, పదునాలుగేండ్ల కుఱ్ఱవాడొకడు ఆమె పాటలను పాడుట విని, వానిని తన వేదికమీదికి పిలిచి పాడించెను. వాడే తరువాత లిటిల్ రిచర్డ్ అను పేర లోకప్రసిద్ధు డయ్యెను. జానిస్ జాప్లిన్ తన కంఠమునకు గురువుగా నెంచుకొన్నది బెస్సీ స్మిత్ అను గాయనిని. 1937లో మరణించిన బెస్సీ సమాధికి ముప్పదిమూడేండ్లు పేరు చెక్కిన రాయి లేదు. 1970 ఆగస్టులో జానిస్, బెస్సీ యింట చిన్నతనమున పనిచేసిన మఱియొక స్త్రీ, ఇరువురు కలిసి ధనమిచ్చి రాయి పెట్టించిరి. రెండు నెలలు తిరుగకమునుపే జానిస్ పోయినది. ఆమె వ్యసనములను తలచుకొన్నప్పుడు నేను ఈ రాతిని గూడ తలచుకొందును.

రోజెటా సంగతియు నట్లే యైనది. మధుమేహముచే ఒక కాలు పోయినను పాడుట మానక, 1973 అక్టోబరు 9వ తేదీన ఫిలడెల్ఫియాలో మరణించినది. ఆమె సమాధియు ముప్పదియైదేండ్ల వఱకు గుర్తు లేకయే పడియున్నది. 2008లో అభిమానులు కచేరి జరిపి ధనము కూర్చి రాయి పెట్టించిరి. రాక్ సంగీతపు మహనీయుల శాలలో ఆమె పేరు చేరినది 2018లో. ఆమె పాట విని నేర్చుకొన్నవారు అందులో చేరిన ఎన్నో యేండ్ల తరువాత! కీర్తిని బట్టి రాక్ స్టార్ను నిర్ణయించుట యెంత పొరపాటో దీనివలన తెలియుచున్నది. సమాధిపై రాయి లేని దినములలో గూడ ఆమె రాక్ స్టారే.

కావున నేను నా కుమార్తెతో నిట్లంటిని. "దానికి గిటారు కొనిపెట్టు. జుట్టు సంగతి నేను చూసుకుంటాను." ఆమె నన్ను వింతగా చూచినది. నేను నా దేవాలయపు కచేరి కథను, గురువుగారి మాటతో సహా, ఆమెకు మొదటిసారి చెప్పితిని. నలువదియేండ్లు నాతో నున్న బిడ్డకు ఆ సంగతి తెలియదు. ఆమె వెంటనే యంగీకరింపలేదు. రెండుదినము లాలోచించి, చదువు చెడరాదనియు, రాత్రి తొమ్మిది గంటల తరువాత వాయింపరాదనియు నిబంధనలు పెట్టి సరే యన్నది. తల్లికి తగిన నిబంధనలే. ఆమె భయము నింకను పోలేదు. నాకును పూర్తిగా పోలేదు.

సోదరీమణులారా, మన యాడపిల్లలకు మనము నేర్పెడి విద్యలలో దాచుకొనుట మొదటిది. నవ్వు దాచుకొనుట, ఆకలి దాచుకొనుట, కోపము దాచుకొనుట, తెలిసినదానిని దాచుకొనుట. కొన్ని దాచుకొనదగినవే కావచ్చును. కాని చేతిలోని విద్యను దాచుకొన్న యెడల అది మిగులదు, ఎండిపోవును. ఈ మాట నేను పుస్తకములలో చదివి చెప్పుట లేదు.

గిటారు వచ్చిన సాయంకాలము మనుమరాలు దానిని ఒడిలో పెట్టుకొని, "అమ్మమ్మా, నేను రాక్ స్టార్ని అవుతానంటావా?" అని యడిగినది.

"అది నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. ముందు శ్రుతి చేసుకో" అంటిని.

అది తీగలు బిగించుచుండగా నేను లేచి మూలనున్న వీణకు గవిసెన తీసితిని.